రబ్బరు ముద్రను చెరపకండి: పాత రికార్డుల అంగళ్లపై పాఠకుల ప్రశ్నలు

గ్రామఫోను ప్లేట్లు, క్యాసెట్లు, వాటిని అమ్మిన అంగళ్ల గురించి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. పేర్లు వద్దని కొందరు కోరినందువల్ల అందరికీ ఊరి పేరు మాత్రమే ఉంచాము.

ప్రశ్న: మా నాయన పోయిన తరువాత ఆయన ట్రంకు పెట్టె తెరిచాము. అందులో పెద్ద ప్లేట్లు, చిన్న ప్లేట్లు, వాటికన్నా పాతవైన బరువైన నల్ల ప్లేట్లు కలగలిసి ఉన్నాయి. చాలా వాటి అట్టల మీద పాతబస్తీలోని ఒక రేడియో అంగడి రబ్బరు ముద్ర ఉంది. ఆ అంగడి ఇప్పుడు లేదు. 2009 వరదలో పెట్టె అడుగు తడిసి అట్టలకు బురద చార పడింది. ముద్రలు, చారలు ఉన్న అట్టలకు విలువ లేదు, ప్లేట్లు మాత్రం ఇవ్వండి అని పాత సామాను కొనే ఆయన అంటున్నారు. అట్టలు పారేసి కొత్త కవర్లు వేద్దామని మా తమ్ముడు అంటున్నాడు. ఏం చేయమంటారు? — ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, అట్టలు పారేయవద్దు. కొనే ఆయన చెప్పినది ఆయన వ్యాపారం వరకు నిజమే. ముద్రలేని శుభ్రమైన అట్టకే సేకర్తలు ఎక్కువ ధర ఇస్తారు. అయితే మీ పెట్టెలో ఉన్న ప్లేట్లలో చాలా భాగం వేల సంఖ్యలో అచ్చయినవి, వాటిలోని పాటలు మరెక్కడో ఒకచోట దొరుకుతాయి. కర్నూలు పాతబస్తీలో ఒక రేడియో అంగడి ఉండేదని, అక్కడ ఫలానా ప్లేటు అమ్మారని చెప్పే ఆధారం మాత్రం ఆ ముద్ర ఒక్కటే కావచ్చు. ఇటువంటి చిన్న అంగళ్లకు చరిత్ర రాసినవారు లేరు, వాటి లెక్కల పుస్తకాలు చెదలకో వరదకో పోయాయి. అందువల్ల మీ తమ్ముడు కొత్త కవర్లు కొనడం మంచిదే. ప్లేటును కొత్త కవరులో పెట్టి, పాత అట్టను దాని పక్కనే నిలబెట్టమనండి. ఏ అట్ట ఏ ప్లేటుదో పెన్సిలుతో కొత్త కవరు మీద రాయించండి.

ఆ ముద్రను కాస్త నిదానంగా చదివితే అది కాలాన్ని కూడా చెబుతుంది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు, అంటే మీ ఊరికి 518001 వంటిది ఉంటే, ఆ ముద్ర 1972 ఆగస్టు 15 తరువాతిది, ఎందుకంటే పిన్‌కోడు పద్ధతి మొదలైనదే ఆ రోజు. కర్నూలు పేరు పక్కన మద్రాసు రాష్ట్రమని ఉంటే ఆ ముద్రను చేయించినది 1953 అక్టోబరుకు ముందు అయి ఉండాలి. ఆంధ్ర రాష్ట్రమని ఉంటే మరీ అపురూపం, ఎందుకంటే కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రాష్ట్రం 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు ఆఖరు వరకు మూడేళ్లే నిలిచింది. అట్టలో బిల్లు కాగితం చిక్కుకొని ఉంటే అదీ చూడండి: అణాలలో లెక్క ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది కావచ్చు, నయాపైసలని రాసి ఉంటే 1957కూ 1964కూ నడుమది. ఒకసారి చేయించిన రబ్బరు ముద్రను అంగడివారు అరిగిపోయేదాకా వాడతారు కనుక, ముద్ర కన్నా బిల్లు సాక్ష్యమే గట్టిది. రెండూ ఉంటే ఒకదానితో ఒకటి పోల్చి చూడండి.

ఇక శుభ్రం చేయడం. మీ దగ్గర ఉన్నవి రెండు జాతుల ప్లేట్లు, ఒకదానికి చేసిన వైద్యం రెండోదానికి పనికిరాదు. బరువుగా ఉండి, కింద పడితే పెంకులా పగిలే పాత ప్లేటు లక్కతో చేసినది. మోదుగ, రేగు, కుసుమ వంటి చెట్ల మీద పురుగులు పెట్టే లక్కలో రాతిపొడి, మసి కలిపి, వేడిగా ఉండగా అచ్చు వేసేవారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ పది అంగుళాల ప్లేటుకు ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా పాట పట్టేది. లక్క స్పిరిటులో కరుగుతుంది కనుక స్పిరిటు, సెంటు, చేతులకు రాసుకునే శానిటైజరు వంటివి వీటికి తగలనివ్వకూడదు. తగిలితే గాళ్లతో పాటు పాట కూడా చెరిగిపోతుంది. కొన్ని కంపెనీల ప్లేట్లలో లోపల కాగితపు పొర కూడా ఉంటుంది కనుక నీటిలో నానబెట్టడమూ తగదు. బురద పూర్తిగా ఎండిన తరువాత మెత్తని కుంచెతో గాడి వెంబడి గుండ్రంగా దులిపి, ఇంకా మిగిలితే బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరులో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్ది నీడలో ఆరబెట్టండి. నడుమ ఉన్న కాగితపు లేబులును తడపవద్దు, కంపెనీ పేరు, నంబరు, పాడినవారి పేరు అన్నీ ఉండేది అక్కడే.

కాస్త వంగే పెద్ద ప్లేట్లు, చిన్న ప్లేట్లు వినైలు అనే ప్లాస్టిక్కువి. 33⅓ చుట్ల పెద్ద ప్లేటు, అంటే ఎల్పీ, 1948లో, 45 చుట్ల చిన్న ప్లేటు 1949లో అమెరికాలో బజారుకు వచ్చాయి. మన దేశంలో మాత్రం 78 ప్లేట్లు కూడా వీటి పక్కనే చాలాకాలం అమ్ముడయ్యాయి, అందుకే మీ నాయనగారి పెట్టెలో మూడు రకాలూ కలిసి ఉన్నాయి. వినైలును డిస్టిల్డ్ వాటరులో ఒక్క చుక్క సబ్బునీరు కలిపి కడగవచ్చు. ముద్ర ఉన్న అట్టల సంగతి వేరు. బురద చారను తడిగుడ్డతో రుద్దితే ముద్ర సిరా కూడా కరిగి పాకుతుంది కనుక పొడిగా దులిపి వదిలేయండి. హంద్రీ, తుంగభద్ర కలిసి ఊరిని ముంచిన సంగతికి ఆ చార కూడా సాక్ష్యమే, దాన్ని పోగొట్టాలన్న తొందర నాకైతే కనబడదు.

అన్నింటినీ పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగువి బరువుకు వంగుతాయి, లక్కవి పగులుతాయి. మే నెలలో మన ఊళ్లలో రేకుల కప్పు కింద, అటక మీద ఉండే వేడికి వినైలు అప్పడంలా ముడుచుకుంటుంది. ఇంట్లో నేల మీద, గోడకు కాస్త ఎడంగా పెట్టిన చెక్క బీరువాకు మించిన చోటు లేదు. పాత గ్రామఫోను ఉంటే దాని మీద ఎల్పీ వేసి చూడాలన్న సరదా మాత్రం ఎవరికీ కలగనివ్వకండి. దాని ఉక్కు ముల్లు బరువుకు ఎల్పీ గాడి ఒక్కసారికే చెడిపోతుంది. 78కి కూడా ముల్లును ఒక్కో వైపుకు ఒకసారే వాడి మార్చవలసి ఉంటుంది. అందుకే ముల్లులను వందల లెక్కన చిన్న రేకు డబ్బాల్లో పెట్టి అమ్మేవారు. పెట్టె మూలల్లో అటువంటి డబ్బా ఉందేమో వెతకండి, దాని మీద గ్రామఫోను కంపెనీ గుర్తైన కుక్క బొమ్మ ఉంటే మరీ జాగ్రత్త చేయండి.

ప్రశ్న: ఇత్తడి గొట్టం, కుక్క బొమ్మ ఉన్న గ్రామఫోను ఒకటి అమ్మకానికి వచ్చింది. వందేళ్లనాటిదని చెబుతున్నారు. కొనవచ్చునా? — ప్రొద్దుటూరు

జవాబు: తళతళలాడే ఇత్తడి గొట్టం, కొత్త పాలిషు పెట్టె, దాని మీద కుక్క బొమ్మ రేకు, ఈ మూడూ కలిసి ఉంటే అనుమానించండి. పాత మోటారుకు కొత్త గొట్టం, కొత్త పెట్టె తగిలించి అలంకారం కోసం తయారుచేసినవి మన దేశంలోనే విరివిగా దొరుకుతాయి, విదేశాలకూ పోతాయి. గొట్టం బయటకు కనబడని, మూత వేసి సూట్‌కేసులా పట్టుకుపోయే పెట్టె గ్రామఫోను పాతదయ్యే అవకాశం ఎక్కువ, ధరా తక్కువ. కుక్క బొమ్మ ఉందని మోసపోవద్దు. ఫ్రాన్సిస్ బారో వేసిన ఆ చిత్రాన్ని గ్రామఫోను కంపెనీ కొన్నది 1899లో, అప్పటి నుంచి దాన్ని అతికించనివారు లేరు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. పాత రికార్డుల అంగళ్ల మీద ప్రాజెక్టు రాయాలనుకుంటున్నాను. మద్రాసు, కలకత్తాల సంగతే ఎక్కడైనా దొరుకుతోంది. మనలాంటి ఊళ్లలో నిజంగా రికార్డుల అంగళ్లు ఉండేవా? ఎవరు కొనేవారు? — కడప

జవాబు: ఉండేవి, కాకపోతే రికార్డులు మాత్రమే అమ్మి బతికే అంగడిని మీరు వెతికితే దొరకడం కష్టం. మన జిల్లా కేంద్రాల్లో ప్లేట్లు రేడియోలు, గడియారాలు, ఫ్యాన్లు అమ్మే చోటనే, రిపేరు బల్లకు వెనక అరలో ఉండేవి. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టవలసిన ఆ రోజుల్లో పాట కావాలన్నా, వాల్వు మార్చాలన్నా మనిషి వెళ్లేది ఆ అంగడికే. కలకత్తా దమ్‌దమ్‌లోని గ్రామఫోను కంపెనీ కర్మాగారంలో అచ్చయిన ప్లేట్లు ఏజెంట్ల ద్వారా ఇక్కడికి వచ్చేవి. దక్షిణాదిలో ఓడియన్ అనే మరో కంపెనీ ప్లేట్ల వ్యాపారం మద్రాసులోని సరస్వతీ స్టోర్స్ చేతిలో ఉండేది; ఆ స్టోర్స్ భాగస్వాముల్లో ఒకరైన ఎ.వి. మెయ్యప్పనే తరువాత ఏవీఎం స్టూడియో స్థాపించారు.

కొన్నవారెవరు అన్నదే మీ ప్రాజెక్టుకు అసలు ప్రశ్న అని నా ఉద్దేశం. గ్రామఫోను పెట్టుకోగల ఇళ్లు ఊరికి కొన్నే. ఊరందరి చెవిన పాట వేసినది మైకు సెట్టువాళ్లు. పెళ్లికి, తిరునాళ్లకు, ఎన్నికలకు, వేప చెట్టుకు కట్టిన గొట్టం మైకులో తెల్లవారుజాము నుంచి వినిపించినవన్నీ వాళ్లు డబ్బు పెట్టి కొన్న ప్లేట్లే. కాబట్టి అంగడివాడికి నిలకడైన బేరం మైకు సెట్టుది. వాళ్లు కొన్నవి చూస్తే ఊరి అవసరాలు తెలుస్తాయి. తెల్లవారితే వేయడానికి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం 1963లో ఎల్పీగా వచ్చింది. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కాలం చేసిన తరువాత ఆయన పాడిన భగవద్గీత ప్లేట్లు విడుదలయ్యాయి, అది వీధిలో వినిపిస్తే ఎవరి ఇంట్లోనో మరణం సంభవించిందని అర్థం చేసుకునే అలవాటు తెలుగునాట స్థిరపడిపోయింది. అంత గొప్ప గానానికి అటువంటి గతి పట్టిందే అని బాధపడేవారు ఉన్నారు, నాకు మాత్రం ఊరు దాన్ని అంతగా సొంతం చేసుకోవడం బాధగా అనిపించదు. తాళ్లపాకకు ఇంత దగ్గరగా ఉన్న మీ ఊళ్లో, తిరుమల తిరుపతి దేవస్థానం చొరవతో సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల, అన్నమయ్య కీర్తనలున్న ఆ అయిదు ఎల్పీలు, ఎవరి ఇళ్లకు చేరాయో కూడా విచారించండి.

రెండో రకం కొనుగోలుదారులు నాటకాలవాళ్లు. సీమలో పద్య నాటకానికి ఉన్న ఆదరణ మీకు తెలియనిది కాదు. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి రంగస్థల గాయకుల పద్యాలు 78 ప్లేట్లుగా వచ్చాయి. ఒక్కో వైపు మూడు నిమిషాలే కనుక నాటకాన్ని ముక్కలు చేసి కొన్ని ప్లేట్ల సెట్టుగా అమ్మేవారు. ఊళ్లో నాటకం నేర్చుకునే కుర్రాళ్లకు రాగాలాపన ఎక్కడ ఆపాలో చెప్పిన గురువు చాలాసార్లు ఆ ప్లేటే. అరిగిన ప్లేటును నిదానంగా చూడండి, ఏదో ఒక పద్యం ఉన్న చోట మాత్రం గాడి ఎక్కువగా తెల్లబడి ఉంటే అక్కడ ఎవరో మళ్లీ మళ్లీ ముల్లు వేసి పాఠం నేర్చుకున్నారని ఊహించవచ్చు.

మీ ఊరికి ప్రత్యేకమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. పెద్ద దర్గా ఉరుసుకు దేశం నలుమూలల నుంచి జనం వచ్చే చోట, ఖవ్వాలీ ప్లేట్లు, ఆ తరువాత క్యాసెట్లు ఏ అంగళ్లలో అమ్మేవారో పాత వ్యాపారులను అడగండి. ఉర్దూ మాట్లాడే ఇళ్ల అరలు కూడా చూడనిదే కడప రికార్డుల కథ పూర్తి కాదు.

పని ఎక్కడ మొదలుపెట్టాలంటే, మైకు సెట్టు అంగళ్లలో మొదలుపెట్టండి. ఇప్పుడు డీజే బాక్సులు అద్దెకిచ్చేవారిలో కొందరి తండ్రులు, తాతలు ప్లేట్లతో మొదలుపెట్టినవారే అయి ఉంటారు. అట్టల మీద వాళ్లు సిరాతో వేసుకున్న వరుస నంబర్లు, ఆ నంబర్ల పాటల పట్టీ పుస్తకం దొరికితే మీకు ఇంకేమీ అక్కరలేదు. పెద్దవాళ్ల మాటను రికార్డు చేసే ముందు వారి అనుమతి అడగండి, అట్టకు ముందూ వెనకా ఫొటో తీయండి, వస్తువును వారి దగ్గరే ఉంచి రండి.

ప్రశ్న: 1980లలో పాతూరులో ఒక రికార్డింగ్ సెంటరు ఉండేది. వాళ్ల పుస్తకంలో పాటల నంబర్లు చూసి పట్టీ రాసి, ఖాళీ క్యాసెట్టు ఇస్తే నాలుగు రోజులకు పాటలు ఎక్కించి ఇచ్చేవారు. అట్ట మీద ఆ అంగడాయన గుండ్రని చేతిరాతతో పాటల పేర్లు ఉంటాయి. ఆ క్యాసెట్లు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. కొన్ని తిరగడం లేదు. అవే పాటలు ఫోనులో వినవచ్చు కదా అని పిల్లలు అంటున్నారు. వీటిని బాగుచేయించి కంప్యూటరులోకి ఎక్కించడం వృథాయేనా? అది చట్టబద్ధమైన వ్యాపారమేనా అన్న అనుమానం కూడా ఉంది. — విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: మాస్టారూ, రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. కాదు. హక్కుదారుల అనుమతి లేకుండా ప్లేటు నుంచి ఖాళీ క్యాసెట్టుకు ఎక్కించి డబ్బు తీసుకోవడం అప్పటి చట్టం ప్రకారమూ తప్పే. ఆ అంగళ్ల మీద మనకు ఎంత ప్రేమ ఉన్నా ఆ మాట దాచనక్కర లేదు. కాపీరైట్ చట్టంలో 1984లో చేర్చిన 52ఎ సెక్షను ప్రకారం రికార్డు మీద, దాని కవరు మీద తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం ఉండాలి. మీ దగ్గరున్న అచ్చు క్యాసెట్లలో అసలేదో నకలేదో తేల్చడానికి ఆ మూడింటి కోసం అట్ట లోపలి మడత చూడండి.

మీ మొదటి ప్రశ్న విషయంలో నేను పిల్లల పక్షం కాదు. ఫోనులో ఉన్నది పాట, మీ దగ్గర ఉన్నది ఎంపిక. అరవై నిమిషాల క్యాసెట్టులో పన్నెండు, పధ్నాలుగు పాటలకే చోటు. దేని తరువాత ఏది రావాలో, ఏ వైపు దేనితో ముగియాలో ఆలోచించి మీరు పట్టీ రాశారు. వైపు చివర చోటు మిగిలితే అడగకుండానే అంగడాయన తన ఇష్టప్రకారం ఇంకో పాట వేసి ఉంటారు, చాలామంది అలా వేసేవారు. అది ఏ యాప్‌లోనూ లేదు.

తిరగని క్యాసెట్టులో, శబ్దం తగ్గిన క్యాసెట్టులో కూడా టేపు చెడి ఉండకపోవచ్చు. లోపల టేపును, ప్లేయరులో పాటను చదివే హెడ్డుకు ఆనించే చిన్న దూది మెత్త ఉంటుంది. మన ఎండలకు దాని జిగురు ఎండి మెత్త ఊడిపోతుంది, అప్పుడు శబ్దం మందగిస్తుంది. స్క్రూలున్న ఖాళీ క్యాసెట్టు డొల్లలోకి రెండు చుట్టలనూ మార్చితే సరిపోతుంది. తొంభై నిమిషాల వాటితో ఎక్కువ జాగ్రత్తగా ఉండండి. అరవై నిమిషాల టేపు మందం 18 మైక్రాన్ల దరిదాపు, తొంభైది 12 మాత్రమే, అందుకే అవి త్వరగా సాగి రోలరుకు చుట్టుకుంటాయి. ఏ క్యాసెట్టునైనా వేసే ముందు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి చుట్టి, వెనక్కు చుట్టండి. ప్లేయరు హెడ్డును స్పిరిటుతో తుడవండి. ఇక్కడ స్పిరిటు మంచిదే, పై కర్నూలు జవాబుతో కలిపి గందరగోళపడవద్దు. క్యాసెట్టు అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను విరిచేస్తే పొరపాటున రికార్డు బటను నొక్కినా పాట చెరగదు.

ఎక్కించేటప్పుడు ఒక్కో వైపును మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా ఎక్కించండి, పాటలుగా కోయడం తరువాత చూసుకోవచ్చు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ లేదా అంతకన్నా ఎక్కువలో వేవ్ ఫైలుగా దాచండి. గరగర శబ్దం తీసేసిన ప్రతి కావాలంటే వేరుగా చేసుకోండి, మొదటి ప్రతిని ముట్టవద్దు. ఆ గుండ్రని చేతిరాత ఉన్న అట్టను కూడా స్కాను చేసి అదే ఫోల్డరులో ఉంచండి. నెట్‌లో అందరికీ పెట్టాలనుకుంటే మాత్రం ఆలోచించాలి. మన చట్టంలో సౌండ్ రికార్డింగుకు విడుదలైన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1965లో విడుదలైనదానికి అది 2025 డిసెంబరు 31 దాకా. పాట రాసినవారి, స్వరపరచినవారి హక్కు వేరే లెక్క, అది వారి మరణానంతరం 60 ఏళ్లు. 1980ల పాటలు ఏ లెక్కలోనూ ఇంకా బయటపడలేదు. ఇంట్లో దాచుకోండి, వినండి.

ప్రశ్న: మా అవ్వ సినిమా హాళ్ల దగ్గర కొన్న పాటల పుస్తకాలు ఉన్నాయి. కాగితం పొడి రాలుతోంది. లామినేషను చేయించమంటారా? — గుంతకల్లు

జవాబు: చేయించవద్దు. లామినేషను వేడికి కాగితం ఇంకా పెళుసవుతుంది, ఒకసారి అంటుకున్న ప్లాస్టిక్కును మళ్లీ ఊడదీయలేరు. ముందుగా తుప్పు పట్టిన పిన్నులను మెల్లగా తీసేయండి, చుట్టూ కాగితం చిరిగేది వాటి వల్లనే. ఆమ్లం లేని కాగితంతో చేసిన కవర్లు స్టేషనరీ అంగళ్లలో అడిగితే తెప్పిస్తారు. ఒక్కో పుస్తకాన్ని ఒక్కో కవరులో పడుకోబెట్టి, ఎండ పడని చోట పెట్టండి. సెల్లోటేపు అసలు వాడవద్దు. ఫొటోలు తీసేటప్పుడు పాటల పేజీలతో ఆపకుండా, కథను సగం చెప్పి మిగతాది వెండితెరపై చూడండని ముగించే పేజీని, వెనక అట్ట మీది ప్రకటనలను, అవ్వగారు పెన్సిలుతో గీసిన గీతలను కూడా తీయండి. ఏ హాలు దగ్గర, ఎవరితో వెళ్లి కొన్నారో ఆమెను అడిగి, కవరు మీద రాసి పెట్టండి.